అబిడ్స్ చౌరస్తాల గంప దించిన రోజు

ట్రాఫిక్ అనే మాట నేను మొట్టమొదట తిట్టు లెక్కనే విన్న. నాంపల్లి స్టేషన్ ముందల ఒక పోలీసు నా దిక్కు కట్టె చూపిచ్చి, ట్రాఫిక్‌కు అడ్డం రాకు అన్నడు. అడ్డం అంటే ఏందో నాకు తెలుసు. ట్రాఫిక్ అంటే ఏందో తెల్వక పక్కన ఉన్న రిక్షా అతన్ని అడిగిన. మేమే అన్నడు. బస్సు, మోటరు, టాంగా, రిక్షా, సైకిలు, ఎడ్లబండి, అన్నీ కలిస్తే ట్రాఫిక్ అని చెప్పిండు. మరి నేను అని అడిగితే నవ్విండు. నీకు చక్రాలేవి అన్నడు.

వాడు మంచోడే. ఎగతాళికి అన్నడు. కాని గా ఎగతాళి మాటనే తర్వాత పెద్దపెద్దోళ్లు నిజమనుకొని, దాని మీదనే రోడ్లన్నీ కట్టిన్రు. అందుకే నాకు ఇప్పటికీ మండుతది.

నేను చదువుకోలే. సంతకం పెడ్త, బస్సు నంబరు చదువుత, అంతే. నేను చెప్తుంటే మా మనుమరాలు రాస్తున్నది. నా గొంతు గిట్ల గరగరమంటదని దవాఖానల డాక్టరమ్మ ఏమైంది, ఏమైంది అని అడుగుతది. ఏమైతది. మోటరుకు హారను ఉంటది. సైకిలుకు గంట ఉంటది. టాంగావోడు కొరడా కట్టెను చక్రం పుల్లలకు ఆనిచ్చి టకటకమనిపిస్తడు. నాకు గొంతే ఉండె. జరుగు, జరుగు, హటో భాయ్ అనుకుంట ఏండ్లకేండ్లు సడకుల మీద అరిచిన గొంతు ఇది. దీనికి మందేం ఉంటది.

మా ఆయన ప్రెస్సుల పనిచేస్తుండె. దగ్గి దగ్గి పోయిండు. అప్పటికి ఆంధ్ర నుంచి సర్కారు నౌకర్లోళ్లు హైదరాబాదుకు వచ్చి రెండు మూడేండ్లు అయితుండొచ్చు. నాంపల్లిల స్టేషన్ ఎనుక మేము ఒక్క అర్ర కిరాయికి ఉండేటోళ్లం. నాకు ఇద్దరు పిల్లలు, ఒకడు నడుస్తడు, ఒకతి పాకుతది. మా గల్లీ ముందలి ఇండ్లన్నీ కోస్తావాళ్లతోటి నిండిపోయినయి. అండ్ల ఒక అమ్మ ఉండె. ఆమె పెనిమిటి అబిడ్స్‌ల ఒక సర్కారు ఆఫీసుల గుమాస్తా. ఆయనకు హోటల్ మెతుకు పడదు. పొద్దుగాల చల్లారిన అన్నం డబ్బాల పట్టుకపోవుడు పడదు. ఒంటిగంటకు ఇంటి బువ్వ, పొగలు పోకున్నా గోరువెచ్చగనన్న ఉండాలె.

ఆమె ఒకనాడు నన్ను గేటు కాడికి పిలిచి, మా వారి కారియరు ఆఫీసుకి పట్టుకెళ్లి ఇస్తావా అని అడిగింది. సరే అన్న. ఆమెను చూసి పక్కింటామె, ఆమెను చూసి ఎదురింటామె. కొన్నాళ్లకు గంప నిండ కారియర్లే. ఆ ఒక్క పని మీదనే మా ఇంట్ల పొయ్యి వెలిగింది, పిలగాడు బడికి పోయిండు. ఆ ఇండ్లు పోతే నాకు ఇంకో దారి లేకుండె. ఈ సంగతి ముందుగల్ల చెప్తున్న, ఎందుకంటే చౌరస్తాల నేను ఎందుకంత వణికిన్నో అది తెలిస్తేనే తెలుస్తది.

ఆమె ఒక కాయిదా పెట్టింది.

"చూడమ్మాయ్, దార్లో ఎక్కడా నేలమీద దించకూడదు. రోడ్డంతా ఉమ్ములూ పేడా. నీ నెత్తిమీంచి తిన్నగా ఆయన బల్లమీదకే దిగాలి."

నేను మాట ఇచ్చిన. ఇచ్చేటప్పుడు అదేం పెద్ద మాట అనిపియ్యలే. దించుడు నాకు గూడ పనికిరాని పనే. నిండు గంప నెత్తికి ఎత్తుకోవాలంటే ఇంకొక మనిషి చెయ్యి పెట్టాలె. ఇంటి కాడ ఆ అమ్మనో పక్కింటామెనో చెయ్యి పెడ్తరు, ఆఫీసు కాడ చప్రాసీ పట్టి దించుతడు. నడుమల దించితే మళ్ల ఎత్తేటోళ్ల కోసం బతిమాలుకుంట కూసోవాలె. అందుకే ఎత్తినంక ఇగ నడుచుడే. నడుస్తుంటే బరువు తెల్వది. నిలబడితే తెలుస్తది. నిలబడ్డకొద్ది మెడ నరాలు ఒక్కొక్కటే గుంజుతయి. రోడ్లు ఏర్పాటు జేసే సార్లకు ఇది ఎవ్వరన్న చెప్పిన్రో లేదో.

అప్పటి సడకు గురించి చెప్పాలె. నాంపల్లి స్టేషన్ నుంచి అబిడ్స్ దాక ఎవని తోవ వాడు చూసుకునుడే. బేగంబజారుకు పోయే ఎడ్లబండ్లు ఒక వారకు పోతుండె. రిక్షావోడు కాలు చాపి ముందల సైకిలోన్ని ఆపుతడు. డబల్ డెక్కర్ బస్సు వస్తే అందరు జరుగుతరు, అది ఏనుగు లెక్క. తిట్టుకునుడు ఉండె, తాకుడు ఉండె. కాని ఒకని మొకం ఒకడు చూసేటోడు.

అబిడ్స్ చౌరస్తా నడుమ గుండ్రంగ ఒక కట్టె దిమ్మె. మోకాలెత్తు ఉంటది. దాని మీద గొడుగు. గొడుగు కింద ఒక జవాను నిలబడి చేతులతోటి బండ్లను నడిపిస్తుండె. వయసు మళ్లిన తురకాయన, తెల్ల చేతి తొడుగులు. కుడిచెయ్యి చాపితే నాంపల్లి దిక్కు బండ్లు ఆగుతయి, వేలు ఆడిస్తే కోఠీ దిక్కు బండ్లు కదులుతయి. నేను మూలమీదికెల్లి హటో భాయ్ అనంగనే ఆయనకు నా గొంతు ఎరుక. మొకం గూడ తిప్పకుండ రెండు చేతులు చాపి నాలుగు దిక్కుల ఆపేటోడు. మోటర్లల్ల సార్లు హారన్లు కొట్టేటోళ్లు. ఆయన, బరువుతో ఉన్నది సాబ్, జర ఠైరో అనేటోడు. నేను నడిచి దాటిపోయేదాన్ని. ఆ జాగల నేను ఎప్పుడు ఆగలే. ఆయనతోటి ముచ్చట పెట్టింది లేదు, పేరు అడిగింది లేదు. పండుగకు సలాం అంటే సలాం, అంతే.

తర్వాత సిటీల మోటర్లు ఎక్కువైనయి. స్కూటర్లు వచ్చినయి. పందొమ్మిదొందల అరవై దాటి డెబ్బై దగ్గరపడ్డంక ఇగ సార్లు సడకును సక్కజేస్తమని బయలుదేరిన్రు. ఒక తోవ పోను మాత్రమే అన్నరు, ఇంకో తోవ రాను మాత్రమే అన్నరు. ఫుట్‌పాత్ పొంటి ఇనుప పైపులు పాతిన్రు, నడిచేటోడు రోడ్డు మీదికి దిగకుండ. గీడ దాటొద్దు, గాడ తెల్లగీతల కాడనే దాటాలె అన్నరు. ఆ గీతలు ఎక్కడ గీసిన్రు? నేను పోయే ఆఫీసుకు ఎదురుంగ కాదు. పైపు పొంటి పైకి నడిచి, దాటి, మళ్ల అంత దూరం కిందికి రావాలె. మోటరోనికి చుట్టు తిరుగుడైతే కాలు కొంచెం గట్టిగ తొక్కుతడు, అయిపాయె. నేను నా మెడ మీద తిరగాలె. వాళ్లకు అది లెక్కకు రాలే. నుమాయిష్ ఎగ్జిబిషన్ దినాలల్ల నాంపల్లిల కాలు పెట్ట జాగ ఉండదు, అప్పుడు గూడ గంతే.

మంత్రిగారి మోటరు అసెంబ్లీకి పోతుంటే అందర్ని ఆపుతరు. ఎండల ఎంతసేపైనా ఆపుతరు. పెండ్లి బరాత్ బ్యాండు కొట్టుకుంట సడకంత నిండి పోతుంటే పోలీసే పక్కకు జరిగి తోవ ఇస్తడు. వాళ్లను అడ్డం అని ఎవ్వడనడు. పొట్టకూటి కోసం బరువు మోసుకుంట పోయేదాన్ని మాత్రం అడ్డం.

ఆఖరికి దీపాలు వచ్చినయి. ఎర్రది, పచ్చది, పసుపుది. జవానును దిమ్మె మీదికెల్లి దించి, రోడ్డు పక్కకు పంపి, చేతికి సీటీ ఇచ్చిన్రు. చేతులు చాపే మనిషికి ఊదే పని. ఖాళీ దిమ్మెను తీసేసేటోడు లేక అది అట్లనే నడుమల ఉండిపోయింది, గొడుగుతో సహా.

ఆ దీపాలు ఎక్కడ పెట్టిన్రు? స్తంభం కొసకు, పైన. ఎవడు పెట్టిండో గాని వాని నెత్తిమీద ఎన్నడు బరువు లేదని నేను చెప్పగల్గుత. గంప నెత్తిమీద ఉన్న మనిషి మెడ ఎత్తదు. ఎత్తితే గంప ఎనుకకు పోతది. కండ్లు మాత్రం పైకి తిప్పినా గంప అంచే కనిపిస్తది, దీపం కనిపియ్యది. నేను రోజు పక్కనున్నోన్ని అడిగేదాన్ని, భాయ్, ఏం రంగున్నది అని. కొందరు చెప్పేటోళ్లు. కొందరు గుడ్డిదా అనేటోళ్లు. ఒకడు అబద్ధం చెప్పిండు, తమాషాకు. ఆనాడు బస్సు నా కొంగును రాసుకుంట పోయింది. వాడు నవ్విండు. వాని మొకం నాకు యాదికి లేదు, ఉంటే ఇప్పుడు గూడ తిడుదును.

ఇగ ఆ రోజు సంగతి. ఎండకాలం. నేను మూలమీదికొచ్చి ఏం రంగున్నది అని అడిగితే, ఏ రంగు లేదమ్మా, కరెంటు పోయింది అన్నడు ఒకాయన. అందరు దిగుతున్నరు, నేను గూడ దిగిన. సగం దాటేసరికి నాలుగు దిక్కులకెల్లి నాలుగు గుంపులు నడుమలికి వచ్చి మూతులు మూతులు ఆనిచ్చుకొని నిలబడ్డయి. బస్సు ముందుకు రాదు, ఎనుకకు పోదు. రిక్షా చక్రం ఇంకో రిక్షా చక్రంల ఇరికింది. మోటరోడు హారను మీదికెల్లి చెయ్యి తీస్తలేడు. నేను నడుమల. ముందు లేదు, ఎనుక లేదు.

ఎంతసేపు నిలబడ్డనో చెప్పలేను. మెడ వణుకుడు మొదలువెట్టింది. మెడ వణికితే ఇగ చేతులు వణుకుతయి. ఒక స్కూటరోడు సందు చేసుకుందామని హ్యాండిలు తిప్పి గంపకు తాకిచ్చిండు. కారియర్లు గలగలమన్నయి. చారు కారి నా చెవిలకు వచ్చింది. పడితే అన్ని ఇండ్ల అన్నం సడకు పాలు. దించుదామంటే మాట ఇచ్చిన. నేల మీద దించొద్దు అన్నది ఆమె. అప్పుడు కనవడ్డది దిమ్మె. పక్కనే ఉన్నది. నేల కాదు. మోకాలెత్తు. పైన నీడ గూడ. దేవుడే పెట్టిండు అనుకున్న. పక్కన సైకిలతన్ని చెయ్యి పెట్టు తమ్మీ అన్న, ఇద్దరం కలిసి గంపను దిమ్మె మీద దించినం. నేను గొడుగు కట్టెను పట్టుకొని ఊపిరి తీసుకున్న.

గప్పుడే ఆ జవాను పక్కకెల్లి ఉరికొచ్చిండు. దిమ్మె మీద గంప ఉంటే ఎక్క జాగ లేదు. దిమ్మె పక్కన కిందనే నిలబడి, సీటీ జేబుల వేసుకొని, చేతులు చాపిండు. బస్సును ఎనుకకు పంపిండు, రిక్షాలను విడిపిచ్చిండు, ఒక దిక్కు కదిలింది, ఇంకో దిక్కు కదిలింది. పాతది పాత లెక్కనే నడిచింది. ఇంకొంచెం ఉంటే నేను గంప ఎత్తిచ్చుకొని పోయేదాన్నే.

జీపు వచ్చింది. ట్రాఫిక్ పెద్దసారు దిగిండు. ఆయనకు కరెంటు పోయింది కనవడలే. స్కూటరోడు కనవడలే. దిమ్మె మీద గంప కనవడ్డది.

"ఎవరిదే ఇది?"

నాదే సారు అన్న. ఆఫీసు సార్లకు బువ్వ, ఒంటిగంటకు అందాలె, మెడ పోతుంటే జర దించిన, ఇప్పుడే ఎత్తుకుంట అన్న. ఆయన ఇనలే. సిటీ మొత్తం నీ గంప కోసం ఆగాల్నా అన్నడు. నేను ఆపలే సారు, కరెంటు పోయింది, నేను గూడ ట్రాఫిక్‌ల ఇరుక్కున్న అన్న.

"నువ్వు ట్రాఫిక్ కాదు. నువ్వు ట్రాఫిక్‌కు అడ్డం."

"అడ్డమైతే బండ్లను నా మీదికెల్లి పోనియ్యి సారు. లేకుంటే నేను పైన ఆకాశంల ఎగిరి పోవాల్నా?"

చుట్టున్నోళ్లు నవ్విన్రు. ఆ నవ్వుకు ఆయన మొకం ఎర్రగైంది. గంపను జీపుల ఎక్కియ్యిమన్నడు. ఇద్దరు పోలీసులు నా కారియర్లను ఇటుకల లెక్క ఎత్తి లోపల వేసిన్రు. నేను జవాను దిక్కు చూసిన. ఇన్నేండ్లు నా గొంతు ఇని చేతులు చాపినాయన. ఆయన తల దించుకొని నిలబడ్డడు. ఆయనకు పిల్లలుంటరు, నౌకరి ఉంటది, నాకు తెలుసు. అయినా ఆయన మీద కోపం లేదని నేను రాయించను.

ఠాణాల నన్ను బల్ల మీద కూసోమంటే నేను గంప పక్కన నేల మీద కూసున్న, ఎవడన్న ముట్టుకుంటడేమోనని. ఒక పోలీసు, ఏం కూర ఒండిన్రు బెహన్, వాసన మంచిగున్నది అన్నడు. చేదు అన్న. నవ్విండు. పొద్దు ఒంగింది. అన్నం పులిసింది. ఆఫీసుల సార్లు ఏం తిన్నరో, చాయ తాగి కూసున్నరో. అక్కడ నా పిల్లల బువ్వ గూడ దాంతోటే పులిసింది, అది నాకు తెలుస్తనే ఉన్నది.

సాయంత్రం పెద్దసారు వచ్చి, ఇగ మీదట రోడ్డు మీద కనవడొద్దు అన్నడు. సరే సారు, మరి నాంపల్లికెల్లి అబిడ్స్‌కు గంప ఎత్తుకొని ఎటు నుంచి పోవాల్నో చెప్పు, అటే పోత అన్న. నేను తిక్కకు అడగలే. నిజంగనే అడిగిన. ఆయన, అది మా పని కాదు అన్నడు.

మోటరు ఎటు పోవాల్నో వాళ్ల పని. బస్సు ఎక్కడ ఆగాల్నో వాళ్ల పని. కాళ్లున్న మనిషి ఎటు పోవాల్నో ఎవ్వని పని కాదు. ఆ మాట చెవుల పడ్డంక, దీపాలు, గీతలు, పైపులు అన్నీ నాకు అర్థమైనయి. వాటి మీద ఏం రాసిందో చదవనక్కర లేకుండె.

గల్లీకి వచ్చేసరికి ఆ అమ్మ గేటు కాడనే నిలబడ్డది. పెనిమిటి ఆకలితో ఇంటికొచ్చిండని తిడుతదనుకున్న. తిట్టలే. ఎక్కడ దించావు అని అడిగింది. అప్పటికే ఎవరో చెప్పిన్రు. నేల మీద కాదమ్మా, దిమ్మె మీద, మోకాలెత్తు అన్న, నేనేదో తెలివిగ చేసిన లెక్క.

"పోలీసు బూట్లేసుకుని నించునే దిమ్మె మీదా?"

ఇన్నేండ్లల్ల ఆ జవాను చేతులు చూసిన గాని, కాళ్లు చూడలే. బూట్లుంటయని తోచనే లేదు. ఆమె రేపట్నించి రావద్దు అన్నది. ఆమె మాట మీద మిగిలిన ఇండ్లు గూడ వద్దన్నయి. పెద్దసారుకు నేను అడ్డమైతి, ఈమెకు నేను మైలైతి. మొత్తం మీద ఒక్క గంప దించినందుకు.

నేను ఏడ్వలే. కోపంతోటి ఏడుపు రాదు. గిన్నెలు తోమిన, స్టేషన్ కాడ పండ్లు అమ్మిన, రెండు పూటలది ఒక పూట చేసినం. పిలగాడు బడికి పోను అన్నడు. ఆ మాటకు వాన్ని కొట్టిన.

కొన్నాళ్లకు ఆమె మళ్ల పిలిచింది. ఆయన పొద్దున కట్టిన పెరుగన్నం తిని కడుపు చెడగొట్టుకున్నడు. వేరేటోళ్లను అడిగితే, దించొద్దు అనే కాయిదా ఇని ఎవ్వరు ఒప్పుకోలే. ఆమె గడప లోపల, నేను గేటు బయట. వస్తావా అని అడిగింది. వస్త అన్న.

"కాని ఒకటమ్మా. ఇగ మెడ పోతే దించుత. దిమ్మె లేకుంటే నేల మీదనే దించుత. ఒప్పుకుంటే ఎత్తు, లేకుంటే లేదు."

ఆమె లోపలికి పోయింది, రాదేమో అనుకున్న. పాత చీర పేలిక ఒకటి తెచ్చి కారియరుకు చుట్టూ గట్టిగ కట్టింది. ఆమెను చూసి మిగిలిన ఇండ్లోళ్లు గూడ కారియర్లు తెచ్చి గంపల పెట్టిన్రు. గంప ఎత్తనీకి ఆమెనే చెయ్యి పెట్టింది. గంప నెత్తిమీదికి ఎక్కినంక, నా మొకం చూడకుండ, చిన్నగ అన్నది.

"దించుకుంటే దించుకో. మా ఆయనకి మాత్రం చెప్పకు."

ఆమె మీద నాకు ఎంత మండినా, ఆ పొద్దు నవ్వొచ్చింది.

అబిడ్స్‌ల దిమ్మెను అప్పటికే పీకేసిన్రు. మూలకు రాంగనే మెడ గుంజింది. పైపు పక్కన ఫుట్‌పాత్ మీద, అందరు నడిచే జాగల, గంప దించి దాని పక్కనే కూసున్న. జనం చుట్టు తిరిగి పోతున్నరు. కొత్త పోలీసు పిలగాడొకడు ఉరికొచ్చి సీటీ ఊదిండు, లేవమ్మా, అడ్డం అన్నడు. లేస్త, ఎత్తేటోడు కావాలె, నువ్వు చెయ్యి పెడ్తవా అన్న. వాడు పెట్టలే. సీటీ ఊదుకుంట నిలబడ్డడు. ఊదనీ అనుకొని, నేను కాళ్లు చాపి కూసున్న.